ఇంజను పీల్చు గాలి: బజారు సరకా, సొంత తయారా?

ఇంజను అనగానే మనకు పెట్రోలు జ్ఞాపకము వచ్చును, లేదా డీజిలు జ్ఞాపకము వచ్చును. గాలి మాట తోచువారు అరుదు. కాని లెక్క చూచినచో ఇంజను తినెడి తిండిలో అధికభాగము గాలియే. ఒక పాలు పెట్రోలు చక్కగా మండవలెనన్న, తూకమున దానికి దాదాపు 15 పాళ్ల గాలి కావలయును. ఒక లీటరు పెట్రోలు కాలిపోవునప్పటికి సుమారు 9,000 లీటర్ల గాలి ఇంజను గొంతులోనికి దిగును. నెల్లూరి నుండి చెన్నపట్టణమునకు పోయి తిరిగివచ్చిన మోటారుకారు దారిపొడవున రెండు లక్షల లీటర్ల గాలిని పీల్చియుండును. పెట్రోలును డబ్బిచ్చి కొనుచున్నాము గనుక దానిని వడగట్టి పోసికొందుము. గాలి ఊరకే వచ్చునది గనుక దానిని గూర్చిన విచారణ మనకు తక్కువ.

ఆ గాలిలో వచ్చునది గాలి యొక్కటే కాదు. దానితో దుమ్ము వచ్చును. దుమ్ములో ఇసుక రేణువు లుండును. ఇసుక ఇనుముకంటె గట్టిది. పిస్టనుకును సిలిండరు గోడకును నడుమ నుండు నూనెపొర మిక్కిలి పలుచనిది. కంటికి కనబడు పెద్ద రేణువుకంటె, తల వెండ్రుక మందములో ఐదవ వంతో పదవ వంతో ఉండు సన్నని రేణువే ఆ పొరలో చొరబడి, చిత్రిక పట్టినట్లు లోహమును అరగదీయును. అట్లు అరిగిన ఇంజను నూనె త్రాగును, పొగ క్రక్కును, బలము కోలుపోవును. కావున గాలిదారికి అడ్డముగా ఒక వడపోత పెట్టుట తప్పనిసరి యైనది. ఆ వడపోతను, దానికి చేరు గొట్టమును, కంపెనీవారు అమర్చినట్లే ఉంచుకొనవలెనా, బజారులో వేరొకటి కొని బిగింపవలెనా, లేక ఊరి పనివానిచేత చేయించుకొనవలెనా? ఈ ప్రశ్న నేటి కారు యజమానులు వేయుచున్న ప్రశ్న. కాని ఇది నేటిది కాదు. మన తీరమున దీనికి పెద్ద చరిత్రయే యున్నది. ఆ చరిత్రను ఈ ప్రసంగములో కొంత పరిశీలింతము.

నెల్లూరు జిల్లా బోగోలు మండలములో సముద్రపు టొడ్డున జువ్వలదిన్నె యున్నది. పేరులోనే దిన్నె యున్నది. దిన్నె యనగా మెట్ట. ఇటు వంటి తీరమున గాలికి రెండు గుణములు. ఎండకాలపు మధ్యాహ్నము అది ఇసుకను మోయును. సముద్రము మీదినుండి వీచునప్పుడు ఉప్పును మోయును. ఇసుక ఇంజనును అరగదీయును, ఉప్పు తినివేయును. ఈ ఊరికి పడమటగా బిట్రగుంట, దానిని ఒరసికొని చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు రైలుదారి, ప్రక్కనే ఉత్తరాపథమునకు పోవు పెద్ద బాట, తూర్పున బకింగుహాము కాలువ, ఆ పైన సముద్రము. కావున ఒక్క పల్లె చుట్టును రైలింజను, మోటారు బస్సు, మరపడవ అను మూడు విధములైన యంత్రములు ఊపిరి పీల్చుట మనము చూడవచ్చును. మూడింటి ఊపిరియు ఒక్కటి కాదు.

బిట్రగుంట ఆవిరియింజనుల కాలమున దక్షిణ దేశమున పేరుపడిన షెడ్డు. ఆవిరియింజనునకు దుమ్ము బెడద లేదు. ఏలన, దాని మంట పొయ్యిలో మండును. సిలిండరులోనికి పోవునది ఆవిరి మాత్రమే. గాలిలోని ఇసుక పొయ్యిలో పడి బూడిదలో కలిసిపోవును. పని ముగించి బయటికి పోవు ఆవిరియే పొగగొట్టములో ఎగదన్ని, పొయ్యిలోనికి గాలిని లాగును. కాని మోటారు ఇంజను అట్టిది కాదు. దాని పొయ్యి దాని సిలిండరే. అది పీల్చిన ప్రతి రేణువును పిస్టను మీదనే పడును. ఈ ఒక్క భేదము వలననే గాలి వడపోత యను వస్తువు పుట్టినది.

తొలినాటి మోటారుకార్లకు వడపోత లేదు. 1886లో కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల బండికి పేటెంటు పొందినాడు. 1893లో విల్హెల్మ్ మైబాఖ్ పెట్రోలును తుంపరగా చిమ్మి గాలితో కలుపు కార్బొరేటరును రూపొందించినాడు. ఆ కార్బొరేటరు నోరు చాలకాలము తెరచియే యుండెడిది. నాటి బాటలు కంకరబాటలు, మట్టిబాటలు. ముందు బండి లేపిన ధూళిని వెనుక బండి మ్రింగెడిది. ఆ ఇంజనులను తరచుగా విప్పి మరమ్మతు చేయవలసి వచ్చుటకు ఇది యొక ముఖ్యకారణము. తరువాత తీగెవల వచ్చినది. అది ఆకులను, పురుగులను ఆపునే గాని ధూళిని ఆపలేదు. ఆ పిదప నూనెతొట్టి వడపోత వచ్చినది. దాని యుపాయము చక్కనిది. గాలి క్రిందికి దిగి, నూనె ముఖమును తాకునంతలో గిరుక్కున పైకి మరలును. గాలి తేలిక గనుక మరలగలదు; ధూళి బరువు గనుక మరలలేక నూనెలో పడును. మిగిలిన సన్నపు ధూళిని నూనెతో తడిసిన తీగెల చుట్ట పట్టుకొనును. యుద్ధకాలపు జీపులకు ఇట్టి తొట్టియే యుండెను. కడపట వచ్చినది మడతలు పెట్టిన కాగితపు వడపోత. మడతలు విప్పి పరచినచో దాని వైశాల్యము చూచువారికి ఆశ్చర్యము కలిగించును. వైశాల్యమెంత యెక్కువైన, గాలి అంత తీరికగా లోపలికి పోవును. ధూళి అంత యెక్కువగా బయట నిలుచును.

ఇంతవరకు జరిగినది కంపెనీల కథ. మన పనివాండ్ర కథ రెండవ ప్రపంచయుద్ధముతో మొదలయ్యెను.

1941లో మన దేశమున పెట్రోలునకు రేషను పెట్టబడినది. అస్సాములోని దిగ్బోయి బావుల నూనె దేశపు అవసరములకు చాలునది కాదు. బర్మా నూనె మీద మన ఆధారము పెద్దది. 1942 మార్చిలో రంగూను జపానువారి చేత చిక్కెను. ఏప్రిలులో ఎనాంజావ్ నూనెబావులను ఇంగ్లీషువారే పాడుచేసి వెనుకకు తగ్గిరి. అదే ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు పడినవి. సముద్రమున ఓడల రాకపోకలు ప్రాణసంకట మయ్యెను. ఇట్టి సమయమున మద్రాసు రాజధాని జిల్లాలలో ఒకటి రెండు బస్సులు నడుపుకొను చిన్న యజమానికి రెండు దారులు మిగిలినవి. బస్సును షెడ్డులో నిలిపివేయుట ఒకటి. బొగ్గుతో నడుపుట రెండవది. మన పెద్దలు పలువురు నేటికిని తలచుకొను బొగ్గుబస్సు అట్లు పుట్టినది.

బొగ్గుబస్సు ఆవిరిబస్సు కాదు. బస్సునకు వెనుకనో ప్రక్కనో మనిషి యెత్తు ఇనుపపీపా యుండెను. అందులో కట్టెబొగ్గు నింపి అడుగున నిప్పు వేయుదురు. లోపలికి గాలిని కొద్దిగా మాత్రమే పోనిత్తురు. చాలినంత గాలి దొరకిన బొగ్గు పూర్తిగా కాలి బొగ్గుపులుసు గాలి యగును, అది మండదు. ఆ గాలి పైనున్న ఎఱ్ఱని నిప్పుల గుండా పోవునప్పుడు మరల మారి, మండెడి విషవాయువైన కార్బను మోనాక్సైడు అగును. ఇదియే ఇంజనునకు తిండి. అందులో సగముకంటె ఎక్కువ మండని నత్రజనియే గనుక దాని బలము తక్కువ. పెట్రోలుతో నడిచిన యింజనే ఈ గ్యాసుతో నడిచినప్పుడు మూడవ వంతు మొదలు సగము వరకు శక్తి కోలుపోవును. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి నడుచుటయు, అవసరమైన నెట్టుటయు ఆనాటి ప్రయాణములలో వింత కాదు. తెల్లవారుజామున క్లీనరు పంకా పిడిని త్రిప్పి త్రిప్పి నిప్పు రాజేసి, గ్యాసు సిద్ధమగువరకు కాచుకొని యుండవలసి వచ్చెను.

ఈ పీపా ఎవరు చేసిరి? ఐరోపాలో ఆల్సేసు ప్రాంతపు జార్జి ఇంబెర్టు 1920లలోనే కట్టెగ్యాసు యంత్రమును రూపొందించెను. యుద్ధకాలమున స్వీడనులో సుమారు 70 వేల వాహనములు ఇట్టి గ్యాసుతో నడిచినవి. మన దక్షిణమున మధురకు చెందిన టి. వి. సుందరం అయ్యంగారి కంపెనీవారు టి.వి.ఎస్. గ్యాసు ప్లాంటును తయారుచేసి అమ్మిరి. ఇది నేటి మాటలో చెప్పవలెనన్న బజారు సరకు. కారు చేసినవాడొకడు, దానికి తగిలించు పరికరము చేసినవాడు వేరొకడు. దానిని చూచి, దాని పోలికను పట్టుకొని పీపా చేయుట నేర్పరియైన కమ్మరికి అసాధ్యమైన పని కాదు. రేకు వంచుట, రివెట్లు కొట్టుట, గొట్టములు అతుకుట మన వర్కుషాపులకు కొత్త విద్యలు కావు. బొగ్గునకును కరవు లేదు. ఈ తీరమున సరుగుడు తోటలు పెంచుట పూర్వమునుండి ఉన్నది. సరుగుడు బొగ్గు గట్టిది, మంచి వేడి నిచ్చునది.

మరి కొన్నదానికిని చేసుకొన్నదానికిని భేద మెక్కడ? పీపాలో కాదు. పీపా చూపునకు పెద్దదే గాని అది సులువైన భాగము. కష్టమంతయు రెండు చోట్ల నుండెను: అతుకులలో, వడపోతలో.

అతుకుల సంగతి మొదట చూతము. ఇంజను నడుచునంత సేపు గ్యాసును తన బలముతో లాగును. ఎక్కడ సన్నని చీలిక యున్నను అందులోనుండి బయటి గాలి లోపలికి దూరును. దూరిన గాలి గ్యాసుతో గొట్టములోనే కలిసి మండును, లేదా గ్యాసును పలుచన చేయును. డ్రైవరు కారణము తెలియక బొగ్గును నిందించును. ఇంజనును ఆపినప్పుడు వ్యవహారము తారుమారగును. పీపాలో నిప్పు ఇంకను ఉండును; గ్యాసు పుట్టుచునే యుండును; లాగువాడు లేడు గనుక అదే చీలికనుండి బయటికి వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన షెడ్డులో నిలిపిన బస్సు ప్రక్కన పండుకొన్న మనిషికి అది ప్రాణాంతకము. ఒక చెడ్డ అతుకు ఖరీదు పెట్రోలు గ్యాలన్లతో లెక్కింపదగినది కాదు.

ఇక వడపోత. బొగ్గుగ్యాసుతో బూడిద వచ్చును. బూడిదలో ఇసుక యుండును. ఇంజనుకు చేరులోపల దానిని ఆపవలెను. దేశదేశముల పనివాండ్రు నూనెతో తడిపిన లోహపు తునకలను, నారపీచును, గుడ్డను, నీటితొట్టిని వాడి చూచిరి. గుడ్డ శ్రేష్ఠముగా వడగట్టును. కాని గ్యాసు వేడిగా వచ్చినచో గుడ్డ కాలును, మరీ చల్లబడినచో అందులోని తేమ నీరై గుడ్డను తడిపి మూసివేయును. పీచు చౌక, కాని వదులుగా కూరినచో బూడిద జారిపోవును, గట్టిగా కూరినచో గ్యాసు పోదు. ఇక్కడనే మన ప్రశ్నకు మూలమున్నది. వడపోత అనగా రెండు విరుద్ధమైన కోరికల నడుమ కుదిర్చిన రాజీ. ఎక్కువ ఆపినచో ఊపిరాడదు. ఊపిరి ఎక్కువైనచో ఇసుక చొరబడును. ఆ రాజీని కంపెనీవాడు కొలిచి కుదిర్చెను. ఊరి పనివాడు చేతితో తడవి కుదిర్చెను. చేయి తిరిగినవాడు కొన్నిసార్లు కొలతకు దగ్గరగానే వచ్చెను. కాని తాను దగ్గరగా వచ్చినాడో లేదో తెలిసికొనుటకు అతనికి నెలలు పట్టెడిది. సిలిండరు విప్పి చూచినగాని తీర్పు తేలదు. యుద్ధకాలమున పిస్టను రింగులు సీమనుండి రావలెను, ఓడలు లేవు. ఇంజను అరిగినచో బస్సు పోయినట్లే, బస్సు పోయినచో ఆ కుటుంబపు జీవనాధారము పోయినట్లే. పీచు కూరిన ఒక డబ్బా మీద ఇంత భారము నిలిచెను.

సరిగా ఆ కాలముననే ఈజిప్టు ఎడారిలో ఇదే ప్రశ్న విమానములకు వచ్చెను. స్పిట్‌ఫైరు యుద్ధవిమానములు ఇసుకను పీల్చి చెడిపోవుచుండగా, ఇంగ్లండునుండి వోక్స్ అను పేరుగల పెద్ద వడపోతను బిగించి పంపిరి. అది విమానపు గడ్డము క్రింద ఉబ్బెత్తుగా నిలిచి, గాలిని చీల్చుటకు అడ్డమై, వేగమును, ఎగబ్రాకు శక్తిని తగ్గించెను. ఇసుకనుండి ఇంజను బ్రతికెను గాని శత్రువునుండి విమానము బ్రతుకుట కష్టమయ్యెను. అప్పుడు అలెగ్జాండ్రియా దగ్గరి అబూకీరులో నున్న మరమ్మతు దళమువారు 1942లో తమ వర్కుషాపులోనే చిన్నదియు నున్ననిదియు నైన వడపోత నొకదానిని చేసికొనిరి. అది అబూకీరు వడపోత యను పేరనే చరిత్రలో నిలిచినది. సొంత తయారీ కంపెనీ సరకును మించిన సందర్భమిది. కాని యేల మించెనో కూడ గమనింపవలెను. ఆ పనివాండ్రకు అదే యెడారి, అదే విమానము, ప్రతిదినము ఎగిరి వచ్చి ఫలితము చెప్పు పైలట్లు, విప్పి చూచుటకు ఇంజనులు ఎదుట నుండెను. దూరమున కూర్చున్న కంపెనీకి ఆ సదుపాయము లేదు. చేసినవాడు ఫలితమును వెంటనే చూడగలిగినచోట సొంత తయారీ గెలుచును, చూడలేనిచోట ఓడును. బొగ్గుబస్సు కథయు, అబూకీరు కథయు కలిపి చదివినవారికి తోచు నీతి యిది.

యుద్ధము ముగిసిన పిమ్మట పెట్రోలు మరల దొరకజొచ్చెను. పీపాలు ఇనుపకొట్ల పాలయ్యెను. కాని పనివానికి విశ్రాంతి దొరకలేదు. స్వతంత్రము వచ్చిన తరువాత విదేశీ మోటార్ల దిగుమతిని ప్రభుత్వము కట్టుదిట్టము చేసెను. 1953లో టారిఫ్ కమిషను సిఫారసు ననుసరించి, ఇక్కడనే భాగములు తయారుచేయుటకు పూనుకొన్న కంపెనీలే నిలువవలెనని నిర్ణయమయ్యెను. ఫోర్డు, జనరల్ మోటార్సు వారు అప్పటికి బిగింపు పనిని కట్టిపెట్టి వెళ్లిరి. వారి కార్లు మాత్రము మన బాటల మీదనే యుండెను. వాటికి భాగములు కావలసినవారు చెన్నపట్టణములోని పుదుప్పేట పాతసామాను బజారును వెదకిరి, లేదా లేతు మిషను మీద చేయించుకొనిరి. 1960లలో విజయవాడలో వెలసిన ఆటోనగరు ఈ విద్యకు పెద్ద పీట వేసినది. లారీ బాడీ కట్టుట మొదలు అరిగిన ఇరుసును పూరించుట వరకు అక్కడ జరుగని పని లేదు. కొరత నేర్పిన విద్య అది. ఆ విద్యను చిన్నచూపు చూచుట తగదు. దేశమున సగము లారీలు దాని వలననే నడిచినవని చెప్పిన అతిశయోక్తి యగునేమో గాని, ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు.

ఇక జువ్వలదిన్నె రేవునకు వత్తము. మన తీరపు జాలరికి పూర్వము ఇంజనుతో పని లేదు. దుంగలను త్రాళ్లతో కట్టిన తెప్ప, నావ, తెరచాప, తెడ్డు, ఇవియే అతని సాధనములు. గాలి అతనికి బయట తోడు. యంత్రములోనికి పోవలసిన పదార్థము కాదు. 1952లో కేరళ తీరమున నార్వే దేశపు సహాయముతో మరపడవల పథకము ప్రారంభమైనది. తూర్పు తీరమునకు వేరు చిక్కున్నది. ఇక్కడ అలలు నేరుగా ఇసుక మీద విరుగును. చాలచోట్ల పడవను అలలలోనుండి ఒడ్డునకు ఈడ్వవలసినదే. అడుగున పంకా గల పడవ ఇసుకలో కూరుకొనును. 1979లో చెన్నపట్టణము కేంద్రముగా ఏర్పడిన బంగాళాఖాత మత్స్యపథకమువారు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున, ఈ చిక్కునకు పరిష్కారము వెదకిరి. ఒడ్డు చేరునప్పుడు ఇంజనును ఇరుసుతోసహా పైకెత్తుకొనునట్టి అమరికతో చిన్న పడవలను పరీక్షించిరి. క్రమముగా పొడవు తోకవంటి ఇరుసు గల చిన్న డీజిలు ఇంజనులును, ప్లాస్టికు నార పడవలును తీరమంతట వ్యాపించినవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత పోయిన పడవల స్థానమున సహాయముగా వచ్చినవానిలో ప్లాస్టికు నార పడవలే ఎక్కువ.

పడవ మీది ఇంజను ఊపిరి కారు ఊపిరికంటె చిక్కైనది. కారునకు శత్రువు ధూళి. పడవకు శత్రువు నీరు. గాలి లోనికి రావలెను, తుంపర రాకూడదు. గాలి అణగును గాని నీరు అణగదు. సిలిండరులో కొద్దిపాటి నీరు చేరినను, పైకి వచ్చు పిస్టను దానిని నొక్కలేక నిలిచిపోవును. దానిని తోయు కడ్డీ వంగును. దీనికి మరమ్మతు నడిసముద్రమున లేదు. నీరు రాకుండ ఇంజనును పెట్టెలో బిగించి మూసినచో, గాలితో చల్లబడు ఇంజను ఉడికిపోవును. పెట్టెకు రంధ్రములు పెట్టినచో అల కొట్టినప్పుడు అవియే నీటికి దారి యగును. కాగితపు వడపోత ఉప్పుతేమకు తడిసి ముద్దయగును; తడిసినదానిని తీసి పారవేసి వడపోత లేకయే నడుపుట చౌకగా తోచును గాని, ఒడ్డున ఇంజను త్రిప్పినప్పుడు ఎగిరిన ఇసుక తిన్నగా లోపలికి పోవును.

ఇందు ఊరి పనివాడు చేయగల మేలు పని యొకటి యున్నది. గాలి తీసికొను నోటిని పైకెత్తి, కొసను క్రిందికి వంచి, పైన గొడుగువంటి మూత పెట్టుట. గొట్టము లోపల అడుగున నీరు నిలుచు చిన్న తిత్తి యొకటి, దానికి విప్పదగిన బిరడా యొకటి ఉంచినచో తప్పి వచ్చిన నీరు ఇంజనుకు చేరకయే నిలుచును. ఈ పనికి పెద్ద యంత్రము లక్కరలేదు. కాని గొట్టము లోపలి కొలత ఇంజను నోటికంటె తగ్గరాదు, వంపులు తక్కువగా ఉండవలెను, అతుకులు ఊడరాదు, ఇనుపరేకైనచో ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఆ తుప్పు పెచ్చులే లోపలికి రాలును. వడపోతను మాత్రము చేసుకొనరాదు, కొనవలెను. గొట్టము కంటితో చూచి తీర్పు చెప్పదగిన వస్తువు. వడపోత కన్ను తీర్పు చెప్పలేని వస్తువు. నాటి బొగ్గుబస్సు యజమాని నేర్చిన పాఠమే ఇది.

జువ్వలదిన్నెలో చేపల రేవు నిర్మాణమునకు 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్యదినము నాడు, రాష్ట్రములో మచిలీపట్నము, నిజాంపట్నము, ఉప్పాడ రేవులతో పాటు శంకుస్థాపన జరిగినది. గోడల నడుమ నిలకడ నీరు గల రేవు ఏర్పడినచో పడవను ఇసుక మీద ఈడ్చు శ్రమ తగ్గును, ఇంజనుకు ఇసుక బెడదయు తగ్గును. ఉప్పు మాత్రము ఎక్కడికి పోదు.

ఇప్పుడు మరల బాట మీదికి, మన కారు దగ్గరకు వత్తము. నేటి యువకులు కొందరు కంపెనీవారి గాలిపెట్టెను తీసివేసి, నూనె పూసిన నూలుగుడ్డ వడపోత గల గొట్టములను బజారులో కొని బిగింతురు. మరికొందరు నీటిపైపుల దుకాణములో ప్లాస్టికు గొట్టము కొని తామే అమర్చుకొందురు. ఇద్దరి ఆశయు ఒక్కటే: ఇంజనుకు చల్లని గాలి, ధారాళమైన గాలి అందవలెను, బలము పెరుగవలెను. ఈ ఆశలో శాస్త్రమున్నది. వేడి గాలి పలుచన. పది డిగ్రీల వేడి పెరిగినచో గాలి సాంద్రత దాదాపు నూటికి మూడు పాళ్లు తగ్గును. కాని కంపెనీవారి గాలిపెట్టె నోరు చాల కార్లలో ముందు భాగమున బయటి గాలికే తెరచియుండును. దానిని తీసి, బానెట్టు క్రింద ఇంజను ప్రక్కన వడపోతను నగ్నముగా నిలిపినచో, అది రేడియేటరు వేడినే పీల్చును. శబ్దము పెరుగును, శబ్దము పెరిగినందున బలము పెరిగినట్లు తోచును. నెల్లూరి రోహిణికార్తెలో బానెట్టు క్రింది గాలిని చేతితో తాకిచూచినవారికి ఈ వ్యవహారము వేరుగా చెప్పనక్కరలేదు.

ప్లాస్టికు నీటిగొట్టమునకు వేరు దోషము. అది 80 డిగ్రీల దరిదాపున మెత్తబడును. ఇంజను లాగు బలమునకు లోపలికి అణగవచ్చును. నేటి ఇంజనులలో చాలవాటికి లోపలికి పోవు గాలి తూకమును కొలుచు సున్నితమైన పరికరము గాలిదారిలోనే యుండును. గొట్టపు వెడల్పు మారినచో దాని లెక్క తప్పును. లెక్క తప్పినచో పెట్రోలు పాలు తప్పును. గుడ్డకు నూనె మితిమీరి పూసినచో ఆ నూనెయే పరికరము మీద పేరుకొనును. నేల దగ్గరకు దించిన గాలినోరు చల్లని గాలిని తెచ్చుట నిజమే. కాని 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు దగ్గర జాతీయ రహదారినే కోసివైచిన దినములవంటివి వచ్చినప్పుడు అదే నోరు నీటిని త్రాగును. పడవకు చెప్పిన ప్రమాదము అప్పుడు కారునకును వచ్చును.

చట్టము మాటయు మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములు మారునట్లు వాహనమును మార్చుటను అడ్డగించుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ విషయమును గట్టిగా చెప్పినది. కంపెనీ పూచీ గడువు లోపల గాలిదారిని మార్చినవానికి ఆ పూచీ విషయమున వివాదము రావచ్చును.

అట్లయిన మా తీర్పేమి? ఊరిలోను బాట మీదను తిరుగు కారునకు కంపెనీ అమర్చిన గాలిపెట్టెయే మేలు. వడపోతను వేళకు మార్చుట వలన కలుగు లాభము, గొట్టమును మార్చుట వలన కలుగు లాభముకంటె చాలసార్లు అధికము. మట్టిబాటల మీద తిరుగువారు పుస్తకములో వ్రాసిన గడువునకు ముందే విప్పి చూడవలెను. కంపెనీ సరకు దొరకని పాత బండికి, లేదా దుకాణపు సరకు ఎరుగని ఉప్పుగాలిలో తిరుగు పడవకు, గొట్టమును మూతను ఊరి పనివానిచేత చేయించుకొనవచ్చును. వడపోతను మాత్రము తగిన కొలతకు కొనవలెను. ఏది బిగించినను నాలుగు ప్రశ్నలు అడిగి చూడవలెను. గాలి ఎక్కడినుండి వచ్చుచున్నది? నీరు అక్కడికి చేరగలదా? అతుకులలో దొంగదారి ఉన్నదా? వడపోతకు అవతల, అనగా ఇంజను వైపున, వ్రేలితో తుడిచిన ధూళి అంటుచున్నదా? ఈ కడపటి ప్రశ్న పరీక్షలలో చౌకైనది, నిజాయితీ గలది. తెల్లని గుడ్డతో తుడిచి చూచుటకు నిమిషము చాలును. గుడ్డకు మట్టి అంటినచో, ఆ సరకు ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనను, ఎంత నేర్పుతో చేసినదైనను, దానిని ఆనాడే తీసివేయవలయును.